రెండో తాళంచెవి ఎవరి దగ్గర?

(అయ్యంకి వెంకట రమణయ్య గారి స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



అయ్యంకి వారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు, ఆయన జీవితచరిత్ర మళ్లీ అప్పజెప్పడం వల్ల సభకు ఒరిగేది తక్కువ అనిపించింది. 1890లో కొంకుదురులో పుట్టారు, 1979లో కన్నుమూశారు, 1972లో పద్మశ్రీ వచ్చింది, లోకం ఆయన్ని గ్రంథాలయ పితామహుడంది, ప్రకృతి వైద్యం కోసం కూడా అంతే పట్టుదలగా పాటుపడ్డారు. ఇదంతా ఇక్కడున్న చాలామందికి తెలుసు. నన్ను ఏళ్ల తరబడి వదలకుండా ఉన్న ప్రశ్న ఒకటుంది, దాని గురించి మాట్లాడతాను. ఒక ఊళ్లో నలుగురు కలిసి ఒక చిన్న పని తలపెడతారు. అది పుస్తకాల గది కావచ్చు, నాటక సమాజం కావచ్చు, పిల్లలకు బొమ్మలు నేర్పే తరగతి కావచ్చు, గోడపత్రిక కావచ్చు. అలాంటివి పుడుతూనే ఉంటాయి. చాలావరకు మూడు నాలుగేళ్లకే ఆగిపోతాయి. ఏవో కొన్ని నిలిచి, మొదలుపెట్టినవాళ్లు కలలో కూడా అనుకోని చోటికి చేరతాయి. ఆ తేడా ఎక్కడ వస్తుంది?

ఈ ప్రశ్నకు తెలుగునేల మీద వివరంగా జవాబు చెప్పేది గ్రంథాలయోద్యమమే. ఎందుకంటే అది ఒక్కచోట మొదలవలేదు, ఒక్కరి బుర్రలో పుట్టలేదు. పుట్టిన ప్రతిచోటా చాలా చిన్నదిగా పుట్టింది. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారనే ఒక ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయం పెట్టారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు దాని వెనక నిలబడ్డారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. కొన్ని ఇళ్లు, కొన్ని బీరువాలు, నెలనెలా చందా ఇచ్చే కొద్దిమంది. అప్పటికి ఉన్నది అంతే.

ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకా ఘోరం. చదువే రాని ఊళ్లో పుస్తకాల గది ఎవరి కోసం? ఈ ప్రశ్న ఆనాటివాళ్లకు కూడా ఎదురైంది. దానికి వాళ్లు ఆచరణలోనే జవాబు చెప్పారు. సాయంత్రం పూట ఒకరు పత్రిక పైకి చదువుతారు, అరుగు మీద పదిమంది కూర్చుని వింటారు. ఆ పదిమందిలో ఇద్దరు అక్షరాలు నేర్చుకోవాలనుకుంటారు, రాత్రిబడి మొదలవుతుంది. పండగనాడు అదే చోట హరికథ పెడతారు, ఉపన్యాసం పెడతారు. ఇలా పుస్తకాల బీరువా ఉన్న గది మెల్లగా ఊరికి కూడలి అయింది. గ్రంథాలయం తాను చేయగలిగిన పనిని ఊరికున్న అవసరాన్ని బట్టి మార్చుకుంటూ పోయింది. అలా మార్చుకోలేనివి, పుస్తకాలు భద్రంగా దాచుకోవడమే పరమావధిగా పెట్టుకున్నవి, ఎంత మంచి పుస్తకాలున్నా ఎండిపోయాయి.

ఇక్కడ నాకు తెలిసిన ఒక ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరు, మనుషుల పేర్లు అనవసరం. కాలువ గట్టునున్న పెద్ద గ్రామం. ఒక రైతు సొంత డబ్బుతో గది కట్టి, సొంత డబ్బుతో పుస్తకాలు కొని, సాయంత్రం పూట తానే తలుపు తీసి, తానే దీపం వెలిగించి, తానే పుస్తకాలిచ్చి రాసుకునేవాడు. పుస్తకం చిరిగితే తనే కుట్టేవాడు. అంతకంటే అంకితభావం ఉన్న మనిషిని నేను చూడలేదు. ఆయన పోయాక తాళంచెవి కొడుకు చేతికి వచ్చింది. కొడుకు మంచివాడే, కానీ పట్నంలో ఉద్యోగం. ఏడాదికి ఒకసారి వచ్చి తలుపు తీసి చూసి వెళ్లేవాడు. చివరికి పుస్తకాలకు చెదలు పట్టింది, గదిలో ఎరువుల బస్తాలు పెట్టుకున్నారు. ఊళ్లో ఎవరూ అడ్డుపడలేదు. అడ్డుపడే హక్కు తమకుందని ఎవరికీ అనిపించలేదు. అది వాళ్ల దృష్టిలో ఆయన గ్రంథాలయం. ఆయనతో పాటే పోయింది.

ఆ ఊరిని తలచుకున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. ఆయన బతికుండగా రెండో తాళంచెవి చేయించి ఇంకొకరి చేతిలో పెట్టి ఉంటే? ఆ ఇంకొకరు ఆయనంత శ్రద్ధగా చూసుకోకపోవచ్చు. రెండు పుస్తకాలు పోగొట్టొచ్చు. ఒకరోజు తలుపు తీయడం మరిచిపోవచ్చు. అయినా ఆ గది బతికేది. చిన్న పని పెరగడానికి మొదటి అడ్డంకి చాలాసార్లు దాన్ని ప్రాణంగా ప్రేమించిన మనిషి ప్రేమే అవుతుంది. ఈ మాట అనడానికి నాకు బాధగానే ఉంది, కానీ చూసినకొద్దీ అది నిజమనే తేలింది. డబ్బు లేక ఆగిపోయినవాటికంటే, రెండో మనిషి లేక ఆగిపోయినవే నాకు ఎక్కువ కనిపించాయి.

అయ్యంకి వారి గొప్పతనం నాకు ఇక్కడే అర్థమవుతుంది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో, రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో, ఆంధ్రదేశంలోని గ్రంథాలయ కార్యకర్తలంతా ఒకచోట చేరారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. భారతదేశంలో అలాంటి సంఘం అదే మొదటిది. దాని వెనక పరుగులు తీసిన అయ్యంకి వారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. విద్యార్థులు ఈ వయసు గుర్తు పెట్టుకోవాలి.

ఆ వయసు యువకుడు ఉత్సాహంతో విజయవాడలో ఒక మహా గ్రంథాలయం కట్టాలని తలపెట్టి ఉండవచ్చు. చందాలు పోగుచేసి, రాజాల దగ్గరకు వెళ్లి, పెద్ద భవనం లేపి, రాష్ట్రంలోని మంచి పుస్తకాలన్నీ అక్కడికి చేర్చాలని అనుకోవచ్చు. అలా చేసి ఉంటే ఒక గొప్ప భవనం మిగిలేది. ఆయనా, ఆయన తోటివారూ ఉన్న చిన్నవాటిని ఉన్నచోటే ఉంచి, వాటి మధ్య దారులు వేశారు. ఏ ఊళ్లో ఏ గ్రంథాలయం ఉందో వివరాలు సేకరించారు. సభలు ఒక ఊళ్లో ఒకసారి, ఇంకో ఊళ్లో ఇంకోసారి పెట్టారు. ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రిక నడిపారు. గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు పెట్టారు. పల్లెలో ఒంటరిగా బీరువా ముందు కూర్చున్న మనిషికి, ఇంకో జిల్లాలో తనలాంటివాడు ఒకడున్నాడని, వాడికీ చందాలు వసూలు కావడం లేదని, వాడు దానికో ఉపాయం కనిపెట్టాడని తెలియడం ఎంత బలమో, ఒంటరిగా ఏ పనైనా నడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నారుమడి ఎంత ఏపుగా ఉన్నా మడిలోనే వదిలేస్తే గింజ రాదు, పీకి ఊడ్చితేనే దుబ్బు కడుతుంది. సంఘం చేసింది ఆ ఊడ్పు పని.

ఇదే కాలంలో బరోడా సంస్థానంలో ఇంకో పద్ధతి నడిచింది. మహారాజా సయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుడిని పిలిపించి, రాజధాని నుంచి పల్లె దాకా గ్రంథాలయాల ఏర్పాటు చేయించారు. ఊరివాళ్లు కొంత పోగుచేస్తే, ప్రాంత పంచాయతీ అంత, సంస్థానం అంత వేసేవి. చాలా తెలివైన పద్ధతి అది. ఊరి చేయి పడందే రాజు చేయి పడదన్నమాట. 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిపినప్పుడు మన సంఘంవారు అధ్యక్షుడిగా పిలిచింది బరోడా గ్రంథాలయాల అధికారి కుడాల్కర్ గారిని. ఒకరికి రాజున్నాడు, ఖజానా ఉంది. ఇంకొకరికి ఉన్నవి చందా పుస్తకాలే. వీళ్లు వాళ్లను పిలిచి పెద్దపీట వేశారు. తమకంటే భిన్నమైన దారిలో అదే పని చేస్తున్నవాడి దగ్గర నేర్చుకోవాలన్న ఆ బుద్ధి, సంఘాలు కొంచెం పెరిగాక ముందుగా పోగొట్టుకునేది. మనవాళ్లు అప్పటికి పోగొట్టుకోలేదు.

తెలంగాణ సంగతి వేరు. అక్కడ గ్రంథాలయం పెట్టడమే ఒక సాహసం. సభ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి, నలుగురు ఒకచోట చేరితే అనుమానం. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటర్లో జరిగిన సభలో అల్లంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు, వారి తోటివారు ముందుగా చేపట్టిన పనుల్లో గ్రంథాలయాల స్థాపన ఒకటి. రాజకీయం మాట్లాడటానికి వీల్లేనిచోట పుస్తకం చదువుకోవడానికి చేరిన గదే పౌరజీవితానికి మొదటి బడి అయింది.

ఆ బడిలోంచి వచ్చిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. వంటమనిషిగా పనిచేస్తూ చదువు నేర్చుకున్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, అచ్చయిన పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. కొనగలిగినవాడికి అమ్మాడు, కొనలేనివాడికి చదివి వినిపించాడు. తరువాత ‘ప్రజలమనిషి’ నవల రాశాడు. ఆ గ్రంథాలయాల్లో పుస్తకాలు తీసుకుని చదివినవాడు పుస్తకాలు వేసేవాడయ్యాడు, రాసేవాడయ్యాడు. ఒక చిన్న ప్రయత్నం పెరిగిందా లేదా చూడాలంటే నేను భవనం వైపు చూడను. అక్కడ తీసుకోవడానికి వచ్చినవాడు ఇచ్చేవాడుగా మారాడా అని చూస్తాను. ఆళ్వారుస్వామి ఒక్కడు చాలు, ఆ ఉద్యమం ఎంత పెరిగిందో చెప్పడానికి.

ఇక పడవ గ్రంథాలయం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకిది అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు గ్రంథాలయం నడిపేవారు. డెల్టాలో ఆ రోజుల్లో ప్రయాణమంటే కాలువ మీద పడవే. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ మెల్లగా కదులుతుంది. లాకుల దగ్గర ఆగుతుంది, రేవు రేవుకీ ఆగుతుంది. నాలుగు మైళ్లు పోవడానికి పూట పడుతుంది. సంతకు పోయే రైతులు, పుట్టింటికి పోయే ఆడవాళ్లు, కచేరీ పనుల మీద పోయేవాళ్లు అందరూ గంటల తరబడి ఊరికే కూర్చుంటారు. నాగభూషణం గారికి ఆ ఊరికే కూర్చున్న గంటలు కనిపించాయి. 1935లో ఆ పడవల్లో పుస్తకాల పెట్టె పెట్టించారు.

ఎంత చిన్న ఆలోచన! కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పడవ అక్కర్లేదు. పడవ ఎటూ నడుస్తోంది, మనుషులు ఎటూ కూర్చున్నారు, పుస్తకాలు ఎటూ ఉన్నాయి. ఈ మూడింటినీ కలపడమే ఆయన చేసింది. ఊళ్లోని గ్రంథాలయం గడప ఎప్పుడూ తొక్కని మనిషి చేతికి ఇక్కడ పుస్తకం వచ్చింది. ఆనాడు గ్రంథాలయం గదిలోకి వెళ్లి మగవాళ్ల మధ్య కూర్చోగలిగిన ఆడవాళ్లు పల్లెల్లో ఎంతమంది ఉంటారు? కొన్ని కులాల వాళ్లు ఊరి మధ్యనున్న గది మెట్లెక్కడమే కష్టమైన కాలం అది. గ్రంథాలయోద్యమం గురించి మనం ఎంత గర్వంగా చెప్పుకున్నా, అనేక గ్రంథాలయాలు ఊరి మధ్య, పెద్దల వీధుల్లోనే ఉండిపోయాయన్నది దాచకూడని నిజం. అందరిదీ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన గది అందరిదీ అయిపోదు. గది దాటి రేవు మీదకి వచ్చిన పుస్తకం ఆ గీతను కొంతైనా చెరపగలిగింది. ఆ పడవలు కొన్నేళ్లే నడిచాయి. కానీ నాగభూషణం గారు ఆగలేదు. గ్రంథపాలకుల శిక్షణ, సంఘం నిర్వహణ, విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం, అన్నిటా ఆయన చేయి ఉంది. ఆ భవనానికి పెట్టిన పేరు సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపించి, వయోజన విద్య కోసం జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిది. ఒక తరం ఇంకో తరం పేరు పెట్టుకుంది, పనినీ అందుకుంది.

వేటపాలెం సారస్వత నికేతనం ఇందుకు భిన్నంగా ఒకేచోట పాతుకుని పెరిగింది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు, ఇంకొందరు కలిసి మొదలుపెట్టారు. మగ్గాల చప్పుడు వినిపించే చేనేత ఊరు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1929లో, కొత్త భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా దాన్నే అడుగుతారు. నా దృష్టిలో అంతకంటే విలువైనవి లోపలి గదుల్లో కట్టలు కట్టి ఉన్న పాత పత్రికలు. ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకని సంచికల కోసం పరిశోధకులు ఆ చిన్న ఊరికి వెళతారు. మొదలుపెట్టినప్పుడు వాళ్లు పరిశోధకుల కోసం పెట్టలేదు. వచ్చిన పత్రికను చదివాక పొట్లాలకు అమ్మకుండా దాచారు, వరసగా, ఒక్క తరం కూడా విసుక్కోకుండా. నిన్నటి పత్రిక ఎవరికీ అక్కర్లేదు, నిరుటిది చెత్త, వందేళ్ల కిందటిది నిధి. ఆ మధ్యలో ఉన్న చెత్త కాలాన్ని ఓర్చుకున్నవాళ్లే నిధిని మిగల్చగలిగారు. పెరగడంలో చాలా భాగం అలాంటి ఓర్పే. బయటివాళ్లకు ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు.

చట్టాల సంగతికి వస్తాను. స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కృషి దాని వెనక ఉంది, అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. హైదరాబాదు రాష్ట్రానికి 1955లో, ఉభయ ప్రాంతాలకూ కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చట్టాలొచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. ఉద్యమం అడిగింది ఇదే. చందాల కోసం తలుపు తలుపు తట్టే అవస్థ తప్పాలి, గ్రంథపాలకుడికి నెల జీతం రావాలి, పేదవాడి చేతికి ఉచితంగా పుస్తకం అందాలి. ఇవి న్యాయమైన కోరికలు, చాలావరకు నెరవేరాయి కూడా. ప్రభుత్వం చేతికి పోవడంతో అంతా పాడైపోయిందని తీర్పు చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పోటీ పరీక్షలకు చదువుకునే పేద పిల్లలతో ఇవాళ పొద్దున్నే నిండిపోయే పఠన మందిరాలను చూస్తే ఆ మాట ఎవరూ అనలేరు.

అయినా ఒకటి పోయింది. నెలకు అణా చందా ఇచ్చినవాడు వచ్చి, ఆ పుస్తకం ఎందుకు తెప్పించలేదని నిలదీసేవాడు. ఇంటి పన్నులో సెస్సు కట్టేవాడికి తాను కడుతున్న సంగతే తెలియదు. వసూలైన సెస్సు పంచాయతీల నుంచి, పురపాలక సంఘాల నుంచి గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయిలు పేరుకుంటున్నాయని ఏటేటా పత్రికల్లో చదువుతున్నాం. ఏ ఊళ్లోనైనా దాని మీద నలుగురు కలిసి వెళ్లి అడిగారా? బరోడా పద్ధతిలో ఉన్న మెలకువ ఇదే. ఊరి వాటా కంటికి కనబడేట్టు ఉంచారు. మనం ఆ వాటాను పన్ను రసీదు అడుగున కలిపేసి, దానితో పాటు అడిగే అలవాటును కూడా పోగొట్టుకున్నాం. దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి శాఖా గ్రంథాలయం గోడ మీద, ఈ ఊరి నుంచి ఈ ఏడు వసూలైన సెస్సు ఇంత, ఇక్కడికి చేరింది ఇంత అని రెండు అంకెలు రాసిపెడితే చాలు. మిగతా పని ఊరే చూసుకుంటుంది.

ఇవాళ చిన్న ప్రయత్నాలు లేవని ఎవరైనా అంటే నేను నమ్మను. ఇంటి ముందు గదిలో పిల్లల పుస్తకాలు పెట్టి సెలవుల్లో కథలు చదివించే టీచర్లున్నారు. ఊరి చరిత్ర రాసుకుంటున్న యువకులున్నారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా జీతంలేని మనుషుల చేతుల మీదే పెరిగింది. వికీసోర్సులో పాత తెలుగు పుస్తకాలను అక్షరం అక్షరం దిద్దుతున్నవాళ్లలో ఇక్కడివాళ్లతో పాటు అమెరికాలో రాత్రిపూట ఉద్యోగం అయ్యాక కూర్చునేవాళ్లూ ఉన్నారు. పాతూరి వారి పడవకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు. మనుషులు ఎక్కడ ఖాళీగా దొరుకుతారో అక్కడికి పుస్తకం వెళుతోంది. వీళ్లను కూడా నేను అడిగేది అదే. మీ తరువాత ఎవరు? మీ పాస్‌వర్డు ఇంకెవరి దగ్గరైనా ఉందా? మీకంటే చిన్నవాడికి, మీకంటే తక్కువ తెలిసినవాడికి, పాడుచేస్తాడేమో అన్న భయం ఉన్నా, ఏదైనా పని పూర్తిగా అప్పగించారా?

నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. నేను ఇప్పటిదాకా చెప్పిన చరిత్రలో పెద్ద గ్రంథాలయాల పేర్లే ఎక్కువగా వచ్చాయి. చిన్నవాటి చరిత్ర ఎక్కడుంది? వాటి మినిట్స్ పుస్తకాల్లో, చందా రసీదుల్లో, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసిన రిజిస్టర్లలో ఉంది. ఏ సంవత్సరం మొదటిసారి ఒక స్త్రీ పేరు ఆ రిజిస్టరులో పడింది, ఏ ఏడు మాలమాదిగ పల్లెల నుంచి వచ్చినవాడికి సభ్యత్వం ఇచ్చారు, ఏ పుస్తకం పదేపదే చేతులు మారింది, ఏ సమావేశంలో గొడవపడి ఎవరు రాజీనామా చేశారు, మళ్లీ ఎవరు బతిమాలి తెచ్చారు, అంతా అందులోనే ఉంటుంది. ఆ రిజిస్టర్లు ఇప్పుడు పాత ఇళ్ల అటకల మీద ఉన్నాయి. ఇల్లు పడగొట్టినప్పుడు తూకానికి పోతున్నాయి. ఈ స్మారకోపన్యాసం కోసం ఏటా పెట్టే ఖర్చులో దండలకు, శాలువాలకు అయ్యే భాగాన్ని పక్కకు తీసి, ఒక్కో జిల్లాకు ఇద్దరు విద్యార్థులను పంపండి. వాళ్లు అటకలెక్కి, దొరికిన ప్రతి రిజిస్టరునూ పేజీ పేజీ ఫోటో తీసి, అసలు పుస్తకాన్ని ఆ ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేసి రావాలి. ముందుగా గుంటూరు, కృష్ణా, తూర్పు గోదావరి, నల్లగొండ, వరంగల్లు పాత జిల్లాలతో మొదలుపెట్టమని నా సూచన. వెనక వరసల్లో ఉన్న విద్యార్థుల్లో ఎవరికైనా ఈ పని మీద మనసుంటే, సభ అయ్యాక వేదిక దగ్గరకు వచ్చి పేరు రాయించండి.